గాలి చూసుకోకుండా లారీ కదలకూడదు

సంపాదకులకు నమస్కారం.

లారీ బోల్తా పడిన ప్రతిసారీ వార్తలో ‘బ్రేకులు ఫెయిలై’ అని రాస్తారు. రామభద్రపురంలో లారీల బ్రేకు పని చేసేవాడిగా చెబుతున్నాను, ఎయిర్ బ్రేకు, అంటే ట్యాంకులో నింపిన గాలి ఒత్తిడితో పట్టే బ్రేకు, చాలావరకు చెప్పకుండా పోదు. ముందే ఏదో ఒక గుర్తు చూపిస్తుంది. చూసేవాళ్లు లేకే ప్రాణాల మీదికి వస్తోంది.

మా దగ్గర ఆగే లారీల్లో చాలావరకు రాయపూర్ వైపు నుంచి ఒడిశాలోని సుంకి ఘాట్ (కొండదారి) దిగి, సాలూరు మీదుగా విశాఖ పోయేవే. గాలి ట్యాంకు కింద నీళ్లు వదిలే డ్రెయిన్ తిప్పితే కొన్నింట్లో గాలి కంటే ముందు నీళ్లు, నల్లటి జిడ్డు కారతాయి. ట్యాంకులో నీరు చేరిన కొద్దీ గాలికి చోటు తగ్గుతుంది. నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కేసరికి గాలి బాగా తగ్గిపోతుంది. రోజూ ఆ డ్రెయిన్ తిప్పడానికి ఎంతసేపు పడుతుంది?

మిగతా పరీక్షా పెద్ద విద్యేం కాదు. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి, గాలి పూర్తిగా ఎక్కాక ఇంజను ఆపాలి. హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్ తొక్కిపట్టి నిమిషంపాటు గాలి మీటరు చూడాలి. ముల్లు కాస్త దిగి ఆగిపోతే సరే, దిగుతూనే ఉంటే లీకు ఉన్నట్టే. అనుమానమున్న జాయింటు మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేస్తాయి. తర్వాత తాళం ఆన్‌లో ఉంచి పెడల్ కొడుతూ గాలి దించితే, సుమారు 4–5 బార్ల (గాలి ఒత్తిడి కొలత) దగ్గర, గాలి తగ్గిందని హెచ్చరించే బజర్ మోగాలి. ఆ చప్పుడు చిరాకని వైరు పీకేసిన బళ్లు చూశాను. ఒళ్లు మండిపోతుంది.

మీటరు నిండుగా ఉన్నా బ్రేకు పట్టకపోవచ్చు. చక్రంలోని డ్రమ్మును ఒరిసి ఆపే లైనర్ అరిగి, ఆ అరుగుదలకు తగ్గట్టు బ్రేకును బిగించే స్లాక్ అడ్జస్టర్ వదులైతే ఎంత గాలి ఉన్నా లాభం లేదు. దానికితోడు డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగితే, ఇంజను పట్టు లేక భారమంతా బ్రేకుల మీదే పడి డ్రమ్ములు కాగిపోయి ఉన్న పట్టు కూడా పోతుంది.

అలాగని తప్పంతా డ్రైవరు మీదికి నెట్టడం అన్యాయం. లోడు ఎక్కగానే ‘బయల్దేరు, లేటైతే కిరాయిలో కోత’ అని తరుముతుంటే అతను బండి కిందికి ఎప్పుడు దూరతాడు? 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 ప్రకారం, ప్రమాదకరమైన లోపమున్న బండిని నడిపినవాడితోపాటు నడపనిచ్చినవాడూ శిక్షార్హుడే. మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసే లోపాన్ని ‘నాకు తెలియదు’ అన్నా చెల్లదు. ప్రమాదాల కేసుల్లో పోలీసులు ఈ సెక్షన్ కింద ఓనర్లనూ అడగాలి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపించి తప్పించుకోనివ్వకూడదు. అది ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి ఇచ్చేది, లైనర్ రోజూ అరిగేది.

ఘాట్ దిగే ముందు ప్రతి లోడు లారీ ఆగి బ్రేకులు చూసుకునేలా ఆంధ్ర, ఒడిశా రవాణా అధికారులు కలిసి నిబంధన పెట్టాలి. అందుకు లైట్లున్న చదునైన స్థలం ఉండాలి. మన జిల్లాలోని మిల్లులు, గోడౌన్ల వాళ్లు గేటు దాటించే ముందు డ్రైవరుకు పది నిమిషాలు వదిలేయాలి. ఆ పది నిమిషాలకు ఓనర్లు కిరాయి కోయకూడదు.

– ఒక లారీ మెకానిక్, రామభద్రపురం, విజయనగరం జిల్లా