70 పౌండ్ల నోటీసు రద్దయింది: తోడు నిలిచినవారందరికీ కృతజ్ఞతలు

మిత్రులందరికీ నమస్కారం. జూన్‌లో మా కారుకు పడిన పార్కింగ్ జరిమానాను రద్దు చేస్తున్నట్టు కౌన్సిల్ (ఇక్కడ బ్రిటన్‌లో పార్కింగ్ చూసే స్థానిక సంస్థ) నుండి నిన్న ఉత్తరం వచ్చింది. ఈ మూడున్నర నెలల్లో సలహా ఇచ్చినవారికి, కాగితాలు దిద్దినవారికి విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను గానీ, ఎవరు చేసిన ఏ చిన్న పని ఎక్కడ అక్కరకు వచ్చిందో అందరికీ తెలిసేలా ఒకచోట రాయడం నా బాధ్యత అనిపించింది.

జరిగినది చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. ఇండియా నుండి వచ్చిన నాన్నగారిని వెంటబెట్టుకుని ఒక పని మీద పక్క పట్టణానికి వెళ్లి తిరిగి వస్తున్నాను. ఆయన ఉదయం ఇన్సులిన్ తీసుకున్నారు, షుగరు మాత్ర కూడా వేసుకున్నారు. మధ్యాహ్న భోజనం మాత్రం ఆలస్యమైంది. దారిలో ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, నన్ను గుర్తుపట్టనట్టు చూడసాగారు. దగ్గరలో ఆపడానికి వేరే చోటు కనబడక డబుల్ ఎల్లో లైన్ల (కారు నిలపకూడదని రోడ్డు అంచున గీసే జంట పసుపు గీతల) మీదే కారు ఆపి, హజార్డ్ లైట్లు వేసి, ఆయన జేబులోని మీటరుతో పరీక్షిస్తే 41 చూపించింది, అంటే షుగరు ప్రమాదకరంగా పడిపోయింది. ఎదురుగా ఉన్న చిన్న దుకాణం యజమాని పరుగున జ్యూస్ తెచ్చి ఇచ్చారు గానీ నాన్నగారు సరిగా మింగలేకపోతున్నారని గమనించి ఆపేశాను. 999కి ఫోన్ చేస్తే పావుగంటలో అంబులెన్స్ వచ్చింది. వారి మీటరులో 2.3 అని వచ్చింది. ఇక్కడి కొలమానాన్ని 18తో గుణిస్తే మన కొలమానం వస్తుందని, రెండూ ఒకే సంగతి చెబుతున్నాయని అప్పుడు తెలిసింది. షుగరు పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇచ్చాక ఆయన కొంత తేరుకున్నా, ఆ రకం మాత్రలు వాడేవారికి షుగరు మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంటుందని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాన్నగారికి ఇంగ్లీషు రాదు. అయోమయంలో ఉన్న మనిషికి తెలుగులో చెప్పేవారు ఉండాలని నన్ను కూడా ఎక్కించుకున్నారు. కారు అక్కడే ఉండిపోయింది. సాయంత్రం టాక్సీలో తిరిగి వచ్చేసరికి అద్దం మీద పసుపు కవరు ఉంది.

నోటీసు మొత్తం 70 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 35. కట్టేసి ఊరుకోమని చెప్పిన మిత్రులు కొందరున్నారు. వారి మాటలో తప్పు లేదు. ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న మనిషికి ఇంకో తలనొప్పి వద్దన్న ప్రేమే అది. అయినా మనసొప్పక తొమ్మిదో రోజున కౌన్సిల్‌కు ఒక ఉత్తరం రాశాను. ఇప్పుడు చదువుకుంటే అందులో బాధ తప్ప మరేమీ కనబడదు. నాన్నగారి వయసు, నా భయం, మానవత్వం గురించి రెండు పేరాలు, చివరిలో కొంత నిష్ఠూరం. ఒక్క కాగితం కూడా జతచేయలేదు. రెండు వారాలకు, పరిస్థితిని అర్థం చేసుకున్నామని, అయితే ఆధారాలు చాలవని, 35 పౌండ్లు కట్టడానికి మరో 14 రోజులు గడువు ఇస్తున్నామని జవాబు వచ్చింది.

సహాయం అసలు మొదలైంది అక్కడి నుండి. ఒక సలహా కేంద్రంలో చాలా ఏళ్లు స్వచ్ఛందంగా పనిచేసిన అక్కయ్యగారు (పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు) నా ఉత్తరాన్నీ వారి జవాబునూ చదివి ఒకే మాట అన్నారు: "నువ్వు ఎందుకు ఆగావో చెప్పావు తమ్ముడూ. నోటీసు రాసింది 1.58కి. అప్పటికి మీరు అంబులెన్స్‌లో బయలుదేరి దాదాపు అరగంట అయింది. ఆ సమయానికి కారు అక్కడే ఎందుకు ఉందో నువ్వు ఎక్కడా చెప్పలేదు." నిజమే. అంబులెన్స్ వచ్చాక కారు తీసి పక్కన పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే నా ఉత్తరంలో సమాధానం లేదు. నేను వేరే ఏదో ప్రశ్నకు జవాబు రాస్తూ, వారు అడుగుతున్న ప్రశ్నను వదిలేశానన్నమాట.

ఆ తరువాత పని ఎలా సాగాలో కూడా ఆమే వివరించారు. డబ్బు కడితే వ్యవహారం అంతటితో ముగుస్తుంది, ఆపై వాదించడానికి ఏమీ మిగలదు. కట్టకుండా ఉంటే, నోటీసు పడిన 28 రోజుల తరువాత కౌన్సిల్ వారు వాహనం ఎవరి పేరున ఉందో వారికి నోటీస్ టు ఓనర్ పంపుతారు. అది అందిన 28 రోజుల్లో లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. దాన్నీ తిరస్కరిస్తే, మనకులా లండన్ బయట నోటీసు పడినవారు ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ కౌన్సిల్‌తో సంబంధం లేని న్యాయనిర్ణేత ఉంటారు, రుసుము లేదు. అర్థం లేకుండా, సతాయించడానికే వేసిన అప్పీలైతే తప్ప మామూలుగా ఎదుటి పక్షం ఖర్చులు మన మీద వేయరు. ఏమీ చేయకుండా గడువు దాటనిస్తే మాత్రం చార్జ్ సర్టిఫికెట్ వచ్చి మొత్తం సగం పెరిగి 105 అవుతుంది. ఇదంతా విన్నాక లెక్క వేసుకుంటే, గడువులు తప్పకుండా చూసుకున్నంత కాలం నేను పణంగా పెడుతున్నది ఇంకో 35 పౌండ్లే. అప్పటిదాకా ఏదో కోర్టు కేసు నెత్తిన పడబోతున్నట్టు రాత్రుళ్లు నిద్రపోనివాడిని, ఆ రోజు హాయిగా పడుకున్నాను.

నోటీస్ టు ఓనర్ జూలై చివర వచ్చింది, మా ఆవిడ పేరున. కారు ఆమె పేరు మీద ఉన్న సంగతి నాకు గుర్తే లేదు. నేను నా పేరుతో జవాబు సిద్ధం చేసుకుంటుంటే, చిత్తుప్రతి చూసిన ఒక మిత్రుడు ఆపాడు. ఆ దశలో మాట్లాడే హక్కు నోటీసు అందుకున్నవారిది. ఆ రోజు స్టీరింగు పట్టుకున్నది ఎవరన్నది వేరే విషయం. ఆమె పేరున అభ్యంతరం, దానికి జతగా డ్రైవరుగా నా వాంగ్మూలం ఉండేలా మార్చి రాశాం. ఆ మార్పు చేయకపోతే మొత్తం శ్రమ సాంకేతిక కారణంతో వెనక్కి వచ్చేదేమో.

గతంలో మరో ఊళ్లో పార్కింగ్ అధికారిగా పనిచేసిన తమ్ముడొకడు చేసిన మేలు నేను ఊహించనిది. కౌన్సిల్ వెబ్‌సైటులో నోటీసు నంబరు కొడితే అధికారి తీసిన ఫొటోలు కనబడతాయని, ముందు వాటిని చూడమని అతనే చెప్పాడు. అప్పటిదాకా ఆ అధికారి మీద నాకు కోపం ఉండేది. ఫొటోలు చూశాక పోయింది. ఆయన దృష్టిలో అది మనిషి లేని కారు. హజార్డ్ లైట్లు వేసినంత మాత్రాన డబుల్ ఎల్లో లైన్ల మీద నిలపడానికి అనుమతి దొరకదు. తన పని తాను చేశాడు. పైగా ఆ ఫొటోలే మాకు సాక్ష్యమయ్యాయి: ఎడమవైపు అద్దం పూర్తిగా దించి ఉంది, సీటు మీద సగం ఒలికిన జ్యూస్ డబ్బా ఉంది, డాష్‌బోర్డు మీద షుగరు మీటరు తెరిచిన సంచి ఉంది. తీరిగ్గా బజారుకు వెళ్లినవాడు కారును అలా వదిలి పోడు కదా.

మీటరు గురించి ఒక చిన్న సంగతి. అందులో రీడింగులు సమయంతో సహా నిలవ ఉంటాయి కనుక దాని ఫొటో జతచేద్దామనుకున్నాం. తీరా చూస్తే 41 పక్కన సాయంత్రం 5.20 అని ఉంది. నోటీసు పడిన మూడు గంటల తరువాత! ఏమిటా అని తల పట్టుకుంటే మా ఆవిడే కనిపెట్టింది: నాన్నగారు మీటరులో గడియారాన్ని మార్చలేదు, అది ఇంకా ఇండియా సమయంలోనే ఉంది. వేసవిలో ఇక్కడికీ అక్కడికీ నాలుగున్నర గంటల తేడా కనుక అది ఇక్కడి 12.50. ఆ ఒక్క వాక్యాన్ని ఉత్తరంలో ముందుగానే వివరించకుండా ఫొటో పంపి ఉంటే మా సాక్ష్యమే మమ్మల్ని ముంచేది.

చివరకు తయారైన అభ్యంతర పత్రం రెండు పేజీలు. అందులో మానవత్వం అన్న మాట లేదు. 12.48కి ఆపడం, 12.51కి 999 కాల్ (ఫోన్ రికార్డు జతచేశాం), 1.06కి అంబులెన్స్ రాక, 1.31కి మేము బయలుదేరడం, 1.58కి నోటీసు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రంలో నాన్నగారిని చేర్చుకున్న సమయం, ఇలా నిమిషాల వరసే ఉంది. మా ఆవిడ ఆ సమయంలో రైలులో గంట దూరంలో ఉద్యోగంలో ఉందని, తాళం నా దగ్గరే ఉందని, రోగికి దుబాసీగా నేను అంబులెన్స్ దిగి వెళ్లలేని స్థితి అని మూడు వాక్యాల్లో చెప్పాం. అంబులెన్స్ సిబ్బంది రాసుకున్న నివేదిక ప్రతిని, నాన్నగారి సంతకంతో, వ్యక్తిగత సమాచార హక్కు కింద ఉచితంగా అడిగాం. వారికి నెల రోజుల గడువు ఉంటుంది, మాకున్నది 28 రోజులు. అది వచ్చేదాకా ఆగుతానంటే అక్కయ్యగారు ఒప్పుకోలేదు. ఉన్న కాగితాలతో గడువులోపే పంపి, మిగిలింది వెనుక వస్తుందని అందులోనే రాయమన్నారు. 24వ రోజున పంపాం. మరో ఐదు రోజులకు నివేదిక వచ్చింది. "కుమారుడు అనువదిస్తూ వెంట ఉన్నారు" అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం అందులో ఉంది, అదే రోజు దాన్నీ పంపాం.

వాదనలో ఏది ముందు పెట్టాలన్నది కూడా అక్కయ్యగారి తెలివే. ఆ వీధికి సంబంధించిన ట్రాఫిక్ ఆర్డరు (అక్కడ వాహనాలు నిలపడం మీద ఉన్న నిబంధనల పత్రం) ప్రతిని కౌన్సిల్ నుండే తెప్పించారు. డ్రైవరు చేతిలో లేని కారణాల వల్ల కదలలేని వాహనానికి అందులో మినహాయింపు ఉంది. కాబట్టి అసలు ఉల్లంఘనే జరగలేదన్నది మొదటి కారణం. ఒకవేళ జరిగిందనుకున్నా రద్దు చేయదగిన బలమైన పరిస్థితులు ఉన్నాయన్నది రెండోది. ఈ వరసకు అర్థం ఉంది. ట్రిబ్యునల్ దాకా వెళితే, మొదటి కారణం రుజువైనప్పుడు న్యాయనిర్ణేత నేరుగా అప్పీలును ఆమోదించగలరు. రెండోది మాత్రమే నిలిస్తే, మళ్లీ ఆలోచించమని కౌన్సిల్‌కు సిఫారసు చేయగలరు, అంతే. నా మొదటి ఉత్తరం మొత్తం ఆ రెండోదాని మీదే, అదీ కాగితం లేకుండా, నిలబడి ఉంది.

అధికారిక అభ్యంతరానికి కౌన్సిల్ 56 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే దాన్ని అంగీకరించినట్టే. వారు 41వ రోజున ఇచ్చారు. పంపిన ఆధారాలను పరిశీలించి, తమ విచక్షణాధికారంతో నోటీసును రద్దు చేస్తున్నామని మూడు వాక్యాలు. మినహాయింపు సంగతి ఎత్తలేదు. అక్కయ్యగారు ఆ ఉత్తరం చదివి, తన మొదటి పాయింటును పట్టించుకోలేదని కాసేపు అలిగారు కూడా. అక్కా, మీ పాయింటు అక్కడ ఉంది కనుకనే వారు రెండోదానికి తలవంచారని నా నమ్మకం. మీరు కాదన్నా సరే.

ఇంకొకరికి రుణపడి ఉన్నాను. ఆ దుకాణం యజమాని నన్ను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. జూలైలో వెళ్లి అడిగితే, జ్యూస్ ఇచ్చింది, నాన్నగారు మింగలేకపోయింది, అంబులెన్స్ వెళ్లేదాకా తాను పక్కనే నిలబడింది, అన్నీ తన చేతిరాతతో అర పేజీ రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆగస్టులో నాన్నగారు ఇండియాకు తిరిగి వెళ్లే ముందు ఆయన దగ్గరకు తీసుకెళ్లమని పట్టుబట్టారు. ఆ రోజు జ్యూస్ డబ్బులు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా పావుగంట కబుర్లు చెప్పుకున్నారు, నేను మధ్యలో దుబాసీని.

నోటీసు రద్దయిన సంగతి ఆ దుకాణం యజమానికింకా తెలియదు. శనివారం ఆ ఉత్తరం పట్టుకుని వెళ్తున్నాను. కారు మాత్రం వెనక వీధిలో డబ్బులు కట్టే కార్ పార్కులో పెట్టి నడిచే వెళ్తాను.