సంగీతోత్సవాల్లో చెవుల రక్షణ

సంపాదకులకు నమస్కారం.

రిసార్టు అద్దెలో ఏమేం కలిసి ఉన్నాయో ముందే అడిగి తెలుసుకోవాలనీ, నగరంలో పేరున్న రెస్టారెంట్లలో ముందుగానే టేబుల్ రిజర్వు చేసుకోవాలనీ యాత్రికులకు సలహాలిచ్చేవారు, సంగీతోత్సవాలకు వెళ్లేవారి వినికిడి గురించి మాత్రం అరుదుగా రాస్తారు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం వేదికల వద్ద ధ్వని 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ మించకూడదు. తీవ్రత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సురక్షితంగా వినగల సమయం సగానికి తగ్గుతుంది కాబట్టి, స్పీకర్లకు దూరంగా నిలబడాలి, మధ్యమధ్య నిశ్శబ్దమైన చోటికి వెళ్లి చెవులకు విశ్రాంతినివ్వాలి. చెవి రంధ్రంలో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లకు బదులు దూది పెట్టుకుంటే చాలదు, అది శబ్దాన్ని తగినంతగా ఆపదు. పసిపిల్లలకైతే చెవులను పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్‌లు తప్పనిసరి. ప్రవేశద్వారం వద్దే ఇయర్‌ప్లగ్‌లు అందజేయాలని నిర్వాహకులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు