మైలుతుత్తం పొట్లానికి పేరు రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత నెలలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే నాలుగేళ్ల పిల్లవాడు మైలుతుత్తం అనే విషపు నీలి రసాయనం పలుకును పటికబెల్లం అనుకొని నోట్లో వేసుకున్నాడు. వాళ్లది ఇంట్లోనే పుస్తకాల బైండింగ్ చేసుకునే కుటుంబం. మైదా జిగురు ఉడికేటప్పుడు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయడం విజయవాడలో ఆ పని చేసేవారికి కొత్త కాదు. మిగిలిన పలుకులను పాత పచ్చడి సీసాలో పోసి గూట్లో పెట్టారు. సీసా మీద పేరు లేదు.

పిల్లవాడికి నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో వాంతి అయింది. చుట్టూ చేరినవారిలో ఒకరు ఉప్పునీళ్లు తాగించి ఇంకా కక్కించమన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. మైలుతుత్తం లోపలి పొరలను కాలుస్తుంది, బలవంతంగా కక్కిస్తే గొంతు రెండోసారి కాలుతుంది. నోరు నీళ్లతో కడిగించి, 108కు ఫోను చేసి, డాక్టరు చూడడానికి ఆ సీసాను కూడా వెంట పంపాము. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు.

నన్ను ఈ లేఖకు పురికొల్పింది మాత్రం ఆ సాయంత్రం జరిగిన మరో సంగతి. పిల్లవాడి పెదనాన్న కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. "ఆ సీసాలో ఉన్నది ఏమిటో తెలుసా బాబూ?" అని అడిగాను. "మైలుతుత్తం అండీ, జిగురులో వేస్తారు" అన్నాడు. కాపర్ సల్ఫేట్ ఫార్ములా అడిగితే ఐదు నీటి అణువులతో సహా తడుముకోకుండా చెప్పాడు. రెండూ ఒకటేనన్న సంగతి ఆ అబ్బాయికి తెలియదు. 31 ఏళ్లు రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకు ఆ మాట గుచ్చుకుంది. నా తరగతుల్లో కూర్చున్న పిల్లల్లో ఎందరు ఇలాగే వెళ్లిపోయారో!

ప్రయోగశాలలో పిల్లలు ఇష్టపడే పదార్థాల్లో ఇదొకటి. గట్టి పరీక్షనాళికలో నాలుగు నీలి పలుకులు వేసి, మూతి కాస్త కిందికి వంచి వేడిచేస్తే ముందుగా మూతి దగ్గర చల్లటి గాజు మీద సన్నని నీటి బొట్లు పేరుకుంటాయి. తర్వాత నీలం అడుగు నుంచి వెలిసిపోతూ చివరికి తెల్లటి పొడి మిగులుతుంది. పొడిగా కనిపించే ఆ రాయిలో నూటికి 36 వంతుల బరువు నీటిదే. చల్లారిన పొడి మీద ఒక్క చుక్క నీరు వేస్తే చురుక్కున వేడెక్కి మళ్లీ నీలమవుతుంది. అందుకే ఒక ద్రవంలో నీరు కలిసిందో లేదో చూడడానికి ఆ తెల్లపొడి పనికొస్తుంది. ద్రావణంలో ఇనుప మేకు ముంచితే కాసేపటికే దాని మీద ఎర్రటి రాగి పూత పడుతుంది. మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి పంట తెగుళ్లకు కొట్టే మందును బోర్డో మిశ్రమం అంటారు. రైతులు దాన్ని ఇనుప బకెట్లో కలపకూడదు అనడానికి కారణం ఇదే. మిశ్రమం తయారయ్యాక చాకు ముంచి చూడమనడం కూడా ఇందుకే: చాకుకు ఎర్రపూత పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. బడిలో మేకు, పొలంలో చాకు, రెండు చోట్లా ఒకటే చర్య. ఈ రెంటినీ కలిపి చెప్పే పాఠం మాత్రం లేదు.

బోర్డో మిశ్రమం పుట్టుకలోనే ఒక హెచ్చరిక ఉంది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవారు ద్రాక్షపళ్లు కోసుకు తినకుండా బాట పక్క తీగలకు రైతులు ఈ నీలిరంగు పూసేవారు. ఆ తీగలకు బూజు తెగులు రాకపోవడం గమనించి మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1885లో దీన్ని మందుగా ప్రకటించాడు. అంటే మొదట ఆ రంగును వాడింది తినకూడదని చెప్పడానికి. పేరులేని మన సీసాలో అదే రంగు పిల్లవాణ్ణి రమ్మని పిలిచింది.

మైలుతుత్తాన్ని నిషేధించమని నేను అడగడం లేదు. తమలపాకు తోటలకు, నిమ్మ చెట్లకు అది కావాలి, బైండింగ్ చేసేవారికీ కావాలి. కానీ అది ఎక్కువగా కడుపులోకి పోతే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం, వెంటనే పావుగంట సేపు నీళ్లతో కడగాలి. చేపలకు రాగి మరీ చెడ్డది కనుక పిచికారీ డబ్బాలను కాలువలో కడగకూడదు. ఇంత చెప్పవలసిన వస్తువును పాత కాగితంలో చుట్టి పటిక పక్కనే అమ్ముతున్నారు. పురుగుమందు డబ్బా మీద విషం ఎంత తీవ్రమో తెలిపే రంగు గుర్తు ఉంటుంది. విడిగా తూచి ఇచ్చే ఈ పొట్లానికి ఏ గుర్తూ లేదు.

నగరపాలక సంస్థ, వ్యవసాయ శాఖ అధికారులు దుకాణదారులను పిలిచి ఒక్క మాట చెప్పాలి. ప్రతి పొట్లం మీద "మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), విషం, పిల్లలకు అందనివ్వకండి" అన్న చీటీ ఉండాలి. కళాశాలల్లో ప్రయోగశాల సీసా మీద కాపర్ సల్ఫేట్ కింద మైలుతుత్తం అని కూడా రాయాలి. పాఠం చెప్పే రోజున ఉపాధ్యాయులు "ఇది మీ ఇంట్లో ఎక్కడ ఉంది?" అని పిల్లలను అడగాలి. దీనికి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

మా వీధి దుకాణానికి నలభై చీటీలు నేనే రాసి ఇచ్చాను. దుకాణదారుడు తీసుకొని, అడిగి మరీ ఒకటి పెద్ద అక్షరాలతో రాయించుకొని డబ్బాకు అంటించాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ