గుమ్మడి గారి జయంతి సభకు చేయందించిన వారందరికీ

జులై 9న మా ఊరి ఉన్నత పాఠశాలలో గుమ్మడి వెంకటేశ్వరరావు గారి జయంతి సభ నిండుగా జరిగింది. దానికి కారకులైన వారిలో చాలామంది వేదిక ఎక్కనే లేదు. వందన సమర్పణ సమయానికి వాన మొదలైంది, పిల్లల్ని చీకటి పడకముందే ఇళ్లకు పంపాలి. గబగబా పేర్లు చదివి ముగించాం. ఎవరు ఏం చేశారో చెప్పకుండా పేర్లు మాత్రం చదివితే అది కృతజ్ఞత కాదని నాకు అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తమ పేర్లు వద్దని కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వారికి తెలుస్తుంది.

బడిలో సినిమా నటుడి జయంతి ఏమిటని మొదట్లో ఒకరిద్దరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గుమ్మడి గారి నటజీవితం ఒక పల్లెటూరి బడిలోనే మొదలైంది, అదీ నా జవాబు. ఆయన 1927లో తెనాలి దగ్గర రావికంపాడులో, రైతు కుటుంబంలో పుట్టారు. కొల్లూరు హైస్కూల్లో చదువుతుండగా 'పేదరైతు' అనే నాటకంలో వేషం వేశారు. అది ముసలి రైతు వేషం. మీసం కూడా సరిగా రాని వయసులో మోసిన ఆ వృద్ధాప్యం జీవితాంతం ఆయనను వదల్లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది. తరువాత వెనుక బల్ల నుంచి ఒకడు లేచి, "టీచర్, మనమూ ఒక ముసలి రైతు నాటకం వేద్దాం" అన్నాడు. కథ పిల్లలే అల్లుకున్నారు, మాటలు నేను సరిదిద్దాను. అక్కడి నుంచి పని మొదలైంది. పని మొదలైన దగ్గర నుంచి మీ అందరి సాయమూ మొదలైంది.

ముందుగా మా శాఖా గ్రంథాలయం వారికి నమస్కారాలు. గుమ్మడి గారి స్వీయచరిత్ర 'తీపి గురుతులు, చేదు జ్ఞాపకాలు' ప్రతి ఎక్కడో ఉందని విని, మరో ఊరి గ్రంథాలయం నుంచి తెప్పించి, పిల్లలు చదువుకోవడానికి గడువు కూడా పొడిగించారు. మా ఊళ్లో పుట్టి ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్న ఒక అక్కగారు తన తండ్రి దాచిన 'విజయచిత్ర' సినిమా పత్రిక పాత సంచికల పేజీలను ఒక్కొక్కటీ ఫొటో తీసి పంపారు. అక్కడ ఆవిడకు రాత్రి పొద్దుపోయే వేళ అది. పేజీ మడత పడి అక్షరాలు కనిపించడం లేదని నేను అడిగినప్పుడల్లా విసుక్కోకుండా మళ్లీ తీసి పంపారు. ఆ పేజీలనే పెద్దవిగా అచ్చు వేయించి బడి వరండా పొడుగునా అతికించాం.

ఆ వరండాలో పిల్లలు ఎక్కువసేపు నిలబడింది 'అర్ధాంగి' బొమ్మ దగ్గర. పి. పుల్లయ్య గారు తీసిన ఆ చిత్రం 1955లో వచ్చింది. అందులో గుమ్మడి గారిది జమీందారు పాత్ర. అక్కినేని నాగేశ్వరరావు, జగ్గయ్య ఆయన కొడుకులు. నిజ జీవితంలో అక్కినేని ఆయనకంటే వయసులో పెద్ద. భార్యగా వేసిన శాంతకుమారి గారూ పెద్దే. అప్పటికి గుమ్మడి గారికి ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. పుట్టిన తేదీలు పక్కపక్కన రాసిపెట్టాలన్న ఆలోచన మా లెక్కల మాస్టారిది. పిల్లలు తీసివేతలు వేసుకుంటూ, "ఇదెలా సాధ్యం టీచర్?" అని అడగడం మొదలుపెట్టారు. నేను చెప్పదలుచుకున్న పాఠం సగం ఆ వరండాలోనే పూర్తయింది. మాస్టారూ, ఆ ఆలోచన నాకు రాలేదు. మీకు నా ధన్యవాదాలు.

'మాయాబజార్' విషయమూ అంతే. బలరాముడు గుమ్మడి, కృష్ణుడు ఎన్.టి. రామారావు. నాలుగేళ్లు పెద్దవాడు తమ్ముడై, చిన్నవాడు అన్న అయ్యాడు. 1957 నుంచి ఇన్ని తరాలుగా చూస్తున్నాం, ఒక్కసారైనా ఎవరికైనా అనుమానం వచ్చిందా? పొగడ్తకు పొంగిపోయి మాట ఇచ్చేసే అమాయకత్వం, ఆ మాట కోసం చెల్లెలి గుండె కోతను కూడా చూడలేని మొండితనం, అంతలోనే చల్లబడిపోయే కోపం. ఇంటికి పెద్ద అయినవాడి బలహీనతలన్నీ ఆ బలరాముడిలో ఉన్నాయి. ఘటోత్కచుడి ఆర్భాటం, శకుని కుతంత్రం ముందు ఈ పాత్ర గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. నా దృష్టిలో అది అన్యాయం. ఆ బలరాముడు నమ్మదగ్గవాడు కాకపోతే కథ కదలదు.

ఇక రేడియో సంగతి. సినిమాల్లోకి వెళ్లకముందు గుమ్మడి గారు తెనాలిలో రేడియో దుకాణం నడిపారు. ఆ మాట చెబితే పిల్లలకు ఊహకు అందలేదు. రేడియో అంటే వాళ్లకు ఫోనులో ఉండే ఒక బొమ్మ. ఈ సంగతి తెలిసి టౌనులోని ఒక మెకానిక్ గారు తన షాపులో ఉన్న పాత వాల్వు రేడియోను దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. మీట తిప్పగానే పాట రాదు. లోపల వాల్వులు, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలు, వేడెక్కాలి. పిల్లలంతా చుట్టూ చేరి ఊపిరి బిగబట్టారు. ముందు వెనుక పలక సందుల్లోంచి నారింజ వెలుగు, తరువాత సన్నని గుర్రుమనే చప్పుడు, చివరికి విజయవాడ కేంద్రం గొంతు. ఆయన వెనుక పలక విప్పి ఏ వాల్వు ఏ పని చేస్తుందో, దుమ్ము ఎక్కడ పేరుకుంటుందో, వేలితో తాకకూడనివి ఏవో ఓపికగా చూపించారు. షాపు రోజంతా మూసి వచ్చారు. ఆటో కిరాయి కూడా తీసుకోలేదు.

అసలు ఇబ్బంది సభకు ముందురోజు సాయంత్రం వచ్చింది. విగ్గులు, గడ్డాలు అద్దెకు ఇస్తామన్న దుకాణం వారు సరుకు మరో కార్యక్రమానికి వెళ్లిపోయిందని కబురు చేశారు. ముసలి రైతు వేషం వేసే పిల్లవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి నేను చేయని ఫోను లేదు. చివరికి ఎవరో చెప్పగా, పక్క మండలంలో ఉండే, ఒకప్పుడు పరిషత్తుల పోటీ నాటకాల్లో ముఖాలకు రంగు వేసిన ఒక పెద్దాయన గురించి తెలిసింది. అడగగానే, "తెల్లారి బస్సుకు వస్తానమ్మా, పిల్లవాడిని తలస్నానం చేసి ఉండమను" అన్నారు. అంతే. డబ్బు మాట ఆయన ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

ఆ పెద్దాయన చేసిన పనిని నేను దగ్గర కూర్చుని చూశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. రేకు పెట్టె తెరవకముందే పిల్లవాడిని కుర్చీలో కూర్చోమని, లేవమన్నారు. వాడు చటుక్కున లేచాడు. "మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారు నాన్నా? వాళ్లెలా లేస్తారో చూపించు" అన్నారు. వాడు కాసేపు ఆలోచించి, వాళ్ల తాతయ్యను తలుచుకుని, అరచేతిని మోకాలి మీద ఆనించి, ఒకసారి ముందుకు వంగి, ఆగి, అప్పుడు లేచాడు. "ఆ ఆగడం పోగొట్టుకోకు" అన్నారు పెద్దాయన. ఆ తరువాతే పెట్టె తెరిచారు.

నవ్వమన్నారు, నొసలు ముడవమన్నారు. చర్మం ఎక్కడెక్కడ మడత పడుతుందో చూసి సరిగ్గా అక్కడే గోధుమరంగు పెన్సిలుతో గీతలు గీసి, వేలి కొసతో అంచులు చెరిపారు. గీత గీతలా కనిపిస్తే అది ముడత కాదట. పక్కనే సన్నగా తెలుపు వేస్తేనే పల్లం పల్లంగా తెలుస్తుందట. గడ్డం అంటించే జిగురును, అదే స్పిరిట్ గమ్‌ను, ముందు మణికట్టు మీద కొద్దిగా రాసి, దురద లేదని చూసుకున్నాకే గడ్డానికి తగిలించారు. క్రేపు జుట్టు అనే పెట్టుడు వెంట్రుకలను దువ్వి, చిన్న చిన్న పాయలుగా కత్తిరించి, కింద నుంచి పైకి వరుసలుగా అంటించారు. పై వరుస కింది వరుస మొదలును కప్పుతుంది. అంతా అయ్యాక దూరంగా వెళ్లి, మా బడిలో ఆఖరి వరుస కుర్చీలో కూర్చుని చూసి వచ్చి, కనుబొమలకు మరికొంచెం తెలుపు అద్దారు. నాటకం అయ్యాక కొబ్బరినూనెతో నెమ్మదిగా గమ్ కరిగించి, వాడి చర్మం ఎర్రబడకుండా తీసి, అప్పుడు టీ తాగారు.

మధ్యలో నేను అడిగాను, గుమ్మడి గారి ముసలివేషాల్లో మీకు గొప్పగా కనిపించేది ఏమిటని. "గొంతు వణికించరమ్మా ఆయన" అన్నారు. నేనైతే ఇన్నేళ్లుగా ఆ సినిమాలు చూస్తూ ఇంత సూటిగా చెప్పుకోలేకపోయాను. నిజమే. ముసలితనం అనగానే గొంతులో వణుకు, చేతిలో కర్ర, దగ్గు తెచ్చుకునే నటులు ఉన్నారు. ఆయన అవేవీ అంతగా వాడరు. మాటకూ మాటకూ మధ్య వ్యవధి ఇస్తారు. ఎదుటివాడు మాట్లాడుతుంటే నిజంగా వింటారు. ఎస్.వి. రంగారావు గారు తెర మీదికి వస్తే తెర ఆయనదైపోతుంది. నాగయ్య గారు పాడితే లోకం కరుగుతుంది. గుమ్మడి గారి దగ్గర ఆ గర్జనా లేదు, ఆ గానమూ లేదు. ఉన్నది నిదానం. దానితోనే దాదాపు 500 చిత్రాల్లో నిలబడ్డారు.

ఆ నిలబడడం సులువుగా రాలేదని పిల్లలకు తప్పక చెప్పాలనుకున్నాను. 1950లో 'అదృష్టదీపుడు'తో మొదలుపెట్టాక వేషాలు లేక తిరిగి ఊరికి వెళ్లిపోదామనుకున్న రోజులున్నాయి. అప్పుడు ఆగమని, తమ సొంత సంస్థ చిత్రాల్లో వేషం ఇస్తానని మాట ఇచ్చి, నిలబెట్టుకున్నవారు రామారావు గారు. 'పిచ్చి పుల్లయ్య' (1953), 'తోడుదొంగలు' (1954) అలా వచ్చినవే. వాటి వెనుకనే 'అర్ధాంగి'. మంచివాడి వేషాలే కాదు, బి.ఎన్. రెడ్డి గారి 'రాజమకుటం' (1960)లో ప్రతినాయకుడిగానూ చేశారు. ఆ నెమ్మదైన ముఖంలోంచి క్రూరత్వం తొంగిచూస్తే మరింత భయం వేస్తుంది.

సభలో ప్రొజెక్టరు మీద చూపించినది మాత్రం 'మహామంత్రి తిమ్మరుసు' (1962). కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వంలో వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకున్న ఈ సినిమాలో కృష్ణదేవరాయలుగా వేసిన రామారావు గారు 'అప్పాజీ' అని పిలిచేది తిమ్మరుసుగా వేసిన గుమ్మడి గారిని, తనకంటే నాలుగేళ్లు చిన్నవాడిని. తాను పెంచి, గద్దె మీద నిలిపిన రాజే తనను శిక్షించే ఘట్టం వచ్చేసరికి హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నా గుండె జారింది. అయితే మా ఊరి లైన్‌మన్ తమ్ముడు, ఎవరూ పిలవకుండానే, మధ్యాహ్నం నుంచి బడి గేటు దగ్గరే ఉన్నాడట. ఆ రోజు గాలివాన సూచన చూసి, పిల్లల కార్యక్రమం కదా అని నిలబడిపోయాడట. తడుస్తూ వెళ్లి సరిచేసి వచ్చాడు. సినిమా ఆగిన చోటు నుంచే మళ్లీ నడిచింది. తమ్ముడూ, నీకు ఆ రోజు వేడి టీ కూడా ఇవ్వలేకపోయాం. ఇంటికి తప్పకుండా రావాలి.

గుమ్మడి గారికి 1977లో పద్మశ్రీ, తరువాత రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చాయి. రంగులు అద్దిన 'మాయాబజార్'ను విడుదలకు ముందే ప్రత్యేక ప్రదర్శనలో చూసి మురిసిపోయారు. కొద్దిరోజులకే, 2010 జనవరి 26న, హైదరాబాదులో కన్నుమూశారు. ఆ చిత్రం జనవరి 30న థియేటర్లకు వచ్చింది. ఈ వాక్యాలు చదివిన పిల్ల ఎనిమిదో తరగతి. ఒక్క తడబాటు లేకుండా చదివింది. ఆ అమ్మాయికి ఉచ్చారణ దిద్ది పంపిన వాళ్ల అమ్మమ్మ గారికి నా పాదాభివందనం.

కుర్చీలు, షామియానా అద్దె లేకుండా ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, పులిహోర చేసి పంపిన తల్లులకు, అరటి ఆకులు కోసి తెచ్చిన రైతు సోదరుడికి, మూడు పీరియడ్లు వదులుకున్న సహోపాధ్యాయులకు, అన్నిటికీ సరేనన్న ప్రధానోపాధ్యాయులకు ధన్యవాదాలు. వేడుక చూసి వెళుతూ ఒక పెద్దావిడ నా చేతిలో కొన్ని నోట్లు పెట్టి, "ఆ గడ్డం పిల్లాడికి పుస్తకాలు కొనివ్వు" అన్నారు. కొన్నాం. వాడికే కాదు, నాటకంలో వేషం వేసిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ తలా ఒక నోటుపుస్తకం వచ్చింది.

చివరగా ఒక విన్నపం. ప్రదర్శనకు ఇచ్చిన ఫొటోల్లో కొన్నింటి వెనుక పేరు లేదు. నాటక బృందంతో దిగిన ఒక పెద్ద నలుపు తెలుపు ఫొటో, చెక్క ఫ్రేము కట్టించినది, బడి ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది. రెండు పాత కరపత్రాలు కూడా ఉన్నాయి. ఎవరివో వారు పని దినాల్లో సాయంత్రం నాలుగు తరువాత వచ్చి తీసుకోవచ్చు. రాలేనివారు కబురు చేస్తే మా పిల్లలే ఇంటికి తెచ్చి ఇస్తారు. ఫ్రేము అద్దం ఒక మూల ముందే చిట్లి ఉంది, దానిని మార్పించాం.