హైడ్రాది సముద్రం కాదు, మడుగు

సంపాదకులకు,

మీ ఆదివారం పిల్లల పేజీలో ‘గ్రీకుల సముద్ర రాక్షసి హైడ్రా’ అని తొమ్మిది తలల పామును అలల మీద తేల్చారు. అదే పేరున్న చిన్న జీవికి తల కోస్తే ఇప్పటికీ రెండు తలలు మొలుస్తాయని కింద రాశారు. మొదటిది తప్పు, రెండోది సగం తప్పు.

కథలో హైడ్రా ఉండేది ఆర్గోస్ దగ్గరి లెర్నా చిత్తడిలో. మన కాళీయుడిలా మడుగు పాము. గ్రీకు వీరుడు హెరాక్లిస్ ఒక తల నరికితే రెండు పుడుతుంటే, అతని తోడు వచ్చిన అయొలాస్ కోసినచోటల్లా కొరివితో కాలుస్తూ వచ్చాడు. పాముకు సాయంగా ఒక ఎండ్రకాయ వచ్చి హెరాక్లిస్ కాలు పట్టుకుంది. ఆకాశంలో ఆ పాము తల దగ్గరి చుక్కలే మన ఆశ్లేష. దానికి అధిదేవతలు సర్పాలు, రాశి కర్కాటకం. పామూ ఎండ్రకాయా రెండు చోట్లా పక్కపక్కనే! బొమ్మ వేసేవారు దీన్ని వదులుకున్నారు.

అసలు హైడ్రా మంచినీటి జీవి, పొడవు సాధారణంగా సెంటీమీటరు లోపే. 1740లో హాలండ్‌లో అబ్రహాం ట్రెంబ్లే అనే ప్రకృతి పరిశోధకుడు, ఇది మొక్కా జంతువా తేల్చుకోవడానికి అడ్డంగా కోశాడు. పై ముక్కకు అడుగు, కింది ముక్కకు నోరూ, దాని చుట్టూ తీగల్లాంటి స్పర్శకాలూ వచ్చి రెండు జీవులయ్యాయి. అంటే కోసినచోట మొలిచేది ఒక్క తలే. ఒకే ఒంటికి రెండు తలలు కావాలంటే తలవైపు నుంచి నిలువునా, సగం దాకా చీల్చాలి. ట్రెంబ్లే అలా ఏడు తలల దాకా తెచ్చాడు. తెగిపోయిన స్పర్శకం మాత్రం ఒంటరిగా బతకదు.

(హైడ్రా అంటే హైదరాబాద్ బుల్డోజర్లే గుర్తొచ్చే ఈ రోజుల్లో పిల్లలకు అసలుది చూపించడం ఇంకా అవసరం.)

తిరుపతి చుట్టుపక్కల బడులవాళ్లు చూడాలనుకుంటే కార్తీకం నుంచి మాఘం లోపు చూడాలి. దానికి 20 డిగ్రీల దరిదాపు నీరు హాయి, మన ఎండాకాలానికి తట్టుకోదు. సబ్బునీళ్లు చేరని చెరువు అంచున కలువ ఆకులు, నీటి మొక్కలు నాలుగు తీసి, అదే చెరువు నీళ్లతో వెడల్పు మూతి గాజుసీసాలో వేయండి. కిటికీ దగ్గర, ఎండ పడకుండా, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి వెలుగువైపు గాజుకు చివర చీలిన దారప్పోగులా వేలాడుతూ కనిపిస్తుంది. తాకితే చుక్కంత ముద్దయిపోతుంది. ఆ ముద్దను కోస్తే ఎక్కడ తెగిందో తెలీదు, అందుకే మళ్లీ సాగేదాకా ఆగి కొత్త బ్లేడుతో నడిమికి ఒక్క కోత వేయాలి. కోసే ముందు రోజు మేత పెట్టకూడదు. మూడు నాలుగు రోజుల్లో కింది ముక్కకు స్పర్శకాలు బొడిపెల్లా లేస్తాయి.

ఎక్కువగా చెడేది నీళ్ల దగ్గరే. కుళాయి నీటిలోని క్లోరిన్ దాన్ని చంపుతుంది, చెరువు నీటినే గుడ్డలో వడకట్టి వాడాలి. రాగి చెంబులో నీళ్లు అసలు పనికిరావు, రవ్వంత రాగి కూడా దానికి విషమే. మేతగా వేసిన డాఫ్నియాల్లో (చెరువు నీటిలో ఈదే సన్నటి జీవులు) మిగిలినవి అదే రోజు తీసేయకపోతే కుళ్లి, స్పర్శకాలు కురచబడి హైడ్రా కరిగిపోతుంది.

సవరణ వేసేటప్పుడు కొలత గీతతో పాటు బొమ్మ వేయండి.

— జీవశాస్త్ర ఉపాధ్యాయులు, తిరుపతి