మీ కాలేజీ సదస్సు సంగతి, మావా

మావా,

వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను గానీ, మొదలెడితే అరగంట వాగేలా ఉన్నాను. అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

మీ ప్రిన్సిపాల్ గారు మానవ అక్రమ రవాణా మీద అవగాహన సదస్సు పెట్టమన్నారని, ఫ్లెక్సీ మీద సంకెళ్లేసిన చేతుల బొమ్మ వేయిస్తున్నారని అన్నావు కదా. ముందు ఆ బొమ్మ తీయించరా బాబూ! అది చూసి ఏ కుర్రాడూ తన గురించేనని అనుకోడు. మన గాజువాక వైపు నుంచి కంబోడియా వెళ్లినవాళ్లలో ఎవడి చేతికి సంకెళ్లున్నాయి చెప్పు? ట్రాలీ బ్యాగు, కొత్త షర్టు, ఎయిర్‌పోర్టులో సెల్ఫీ. డేటా ఎంట్రీ ఉద్యోగమన్నారు, ఏజెంటుకు లక్షన్నర దాకా కట్టారు, టూరిస్టు వీసా మీద దిగారు. దిగాక పాస్‌పోర్టు లాక్కుని చైనా ముఠాల చేతికి అమ్మేశారు. కంప్యూటరూ ఇంగ్లీషూ ఎంత బాగా వస్తే అంత రేటు. ఇక పనంటావా, మళ్లీ మన జనానికే ఫోన్లు చేసి డబ్బు గుంజడం. చేయనంటే తిండి బంద్, దెబ్బలు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇక్కడి ఏజెంట్లను పట్టుకున్నారు. ఆ రోజుల్లోనే అక్కడ కంబోడియాలో సిహనౌక్‌విల్ అనే ఊళ్లో మనవాళ్లు మూడొందల మంది దాకా తిరగబడ్డారు. ఇదేం చిన్న వ్యాపారం కాదు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో 1,00,000 మంది దాకా ఇలా బలవంతంగా పనిచేయిస్తూ ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులోనే చెప్పింది.

నాకు ఒళ్లు మండేది ఎక్కడో తెలుసా? మన ఎమిగ్రేషన్ పద్ధతి చదువు రానివాళ్లను కాపాడటానికి పెట్టింది. టెన్త్ పాస్ కాకపోతే ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అన్న ముద్ర ఉన్నది. దాంతో గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు క్లియరెన్స్ తీసుకోవాలి. డిగ్రీ చదివినవాడికి ఆ గొడవే లేదు. పైగా కంబోడియా ఆ జాబితాలోనే లేదు. అంటే మీ క్లాసులో కూర్చున్నవాడు నేరుగా వెళ్లి విమానం ఎక్కేయొచ్చు, అడిగే నాథుడుండడు.

అవగాహన కల్పిస్తే చాలని అందరూ అంటారు గానీ, దాని మీద పరిశోధన కూడా జరిగింది మావా. మీ పక్క రాష్ట్రం ఒడిశాలోనే, పనికి వలస వెళ్లబోయే ఆడవాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి, ముందూ తర్వాతా ప్రశ్నలడిగి చూశారు. లండన్ పరిశోధకులు చేసిన పని, 2020లో వచ్చింది. హక్కుల గురించి తెలిసింది కొంత పెరిగింది, నిజమే. కానీ ఆ తెలిసిందాన్ని వాడుకునే దారి పల్లెటూరి మనిషికి ఎక్కడుంది? ఫిర్యాదు ఎవరికివ్వాలి, ఇస్తే ఎవరు పట్టించుకుంటారు? అది చదివాక నాకు ఉపన్యాసాల మీద నమ్మకం సగం పోయింది.

మొన్న ఒక డిగ్రీ కాలేజీలో ఉపన్యాసం మానేసి, ఒక ఆఫర్ లెటరు ప్రొజెక్టర్ మీద వేశాను. జీతం డాలర్లలో. కంపెనీకి అడ్రసు లేదు, పేరు కింద టెలిగ్రామ్ ఐడీ. "టికెట్ మేమే తీస్తాం, టూరిస్టు వీసా మీద రండి, వచ్చాక వర్క్ పర్మిట్" అని ఒక లైను. ఇందులో తేడా ఏముందో చెప్పండి అన్నాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "జీతం బాగానే ఉంది కదా సార్" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడి నుంచి క్లాసు దారిలో పడింది. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000, ఆపైన జీఎస్టీ, అంతే. ఆ ఒక్క మాటకు గది నిశ్శబ్దమైపోయింది. చాలామంది ఇళ్లలో లక్షలు కట్టినవాళ్లు ఉన్నారు మరి. వెంటనే ఫోన్లు తీయించి, విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా వెతికించాను. మీ ఉద్దానం వైపు వెల్డింగ్, రిగ్గింగ్ (బరువులెత్తి బిగించే) పనులకు పోయే కుర్రాళ్లు ఎక్కువ. మీ దగ్గర ఇది ఇంకా బాగా పనికొస్తుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది, సిద్ధంగా ఉండు. "వాడే ఇష్టపడి వెళ్లాడు కదా సార్, ఇది రవాణా ఎలా అవుతుంది?" అని. మోసం చేసి, ఆశపెట్టి తీసుకెళ్తే బాధితుడి ఒప్పుదలకు విలువ లేదు. పాత ఐపీసీ సెక్షన్ 370లో ఉన్నదే, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143లోనూ ఉంది. ఇది గట్టిగా చెప్పు. తిరిగొచ్చిన కుర్రాణ్ని "నువ్వూ ఆన్‌లైన్ మోసగాడివే" అని ఊళ్లో అందరూ అంటుంటే వాడు నోరు విప్పడు. పైగా, "ఇంకొకణ్ని పిలిపిస్తే నిన్ను వదులుతాం" అనే పద్ధతి ఉంది అక్కడ. అందుకే పిలిచేవాడు చాలాసార్లు తెలిసినవాడే అవుతాడు. క్లాస్‌మేటో, బావో.

మీ ఊరికి అలా తిరిగొచ్చినవాడు ఒకడున్నాడన్నావు. వాడు మాట్లాడతానంటే మంచిదే, కానీ బలవంతపెట్టకు. స్టేజీ మీద వద్దు, స్టాఫ్‌రూములో పదిమందితో చాలు. ఫోటో తీయనివ్వకు. శాలువా కప్పి పేపర్లో వేయిద్దామని మీ ప్రిన్సిపాల్ గారు అంటారు, అది నువ్వే ఆపాలి.

తేదీ ఖాయం చేసి చెప్పు. పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తాను, స్టేషన్‌కి బండేసుకురా. ప్రొజెక్టర్ పనిచేస్తుందో లేదో ముందే చూసి పెట్టు, లేకపోతే ఆ లెటరు జిరాక్సులు నేనే తెస్తాను.

నీ మావ