నెట్ మీటర్ కోసం ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విశాఖపట్నం గోపాలపట్నం నుంచి రాస్తున్నాను. ఇంతకుముందు పెట్టిన అర్జీలు మీ దాకా వచ్చి ఉండవు, అందుకే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాను. ఇంటి డాబా మీద సోలార్ ప్యానెళ్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం గురించి మీకు చెప్పేదేమీ లేదు. ఆ పథకం కింద మా డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఉగాదికి ముందే బిగించారు. దసరా కూడా వెళ్లిపోయింది. గ్రిడ్ నుంచి, అంటే బయటి కరెంటు లైన్ల నుంచి, మనం తీసుకున్నదీ దానికి పంపిందీ విడివిడిగా లెక్కపెట్టే నెట్ మీటర్ పెట్టకపోవడంతో ఇవాళ్టికీ వాటి నుంచి ఒక్క యూనిట్ వాడుకోలేదు.

కరెంటు సెక్షన్ ఆఫీసుకి వెళ్తే మీటర్ల స్టాక్ రాలేదంటారు. వచ్చిందట కదా అంటే టెస్టింగ్‌కి పంపామంటారు. టెస్టింగ్ అయ్యాక సీరియల్ ప్రకారం ఇస్తామంటారు, మన సీరియల్ ఎంతో మాత్రం చెప్పరు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే కొన్నాళ్లకి ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. కిందకి వెళ్లి చూస్తే మెట్ల పక్క గోడకి పాత మీటరే ఉంది, దాని పక్కన కొత్త మీటర్ కోసం వెండర్ బిగించిన డబ్బా ఖాళీగా ఉంది. ఏం పరిష్కరించారండీ?

పాత మీటర్ మీద సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చేది) ఆన్ చేయకూడదు. చేస్తే మనం గ్రిడ్‌కి పంపిన యూనిట్లు కూడా వాడకం కిందే లెక్కపడే ప్రమాదం ఉంది. మీటర్ పెట్టి, తనిఖీ చేసి, కమిషనింగ్ రిపోర్ట్ (ప్యానెళ్లు పని మొదలుపెట్టాయనే నివేదిక) ఆన్‌లైన్‌లో ఎక్కిస్తేగానీ 78,000 రూపాయల సబ్సిడీ రాదు. ఆ డబ్బు లోన్‌కి కట్టేద్దామనుకున్నాం. అది రాక మొత్తం అప్పు మీదా వడ్డీ పడుతోంది. నెల మొదట్లో ఈఎంఐ పోతుంది, వెనకే ఇంధన సర్దుబాటు ఛార్జీలతో కలిపి కరెంటు బిల్లు వస్తుంది. బిల్లు తగ్గుతుందని అప్పు చేసి ఇప్పుడు రెండూ కడుతున్నాం. 3 కిలోవాట్లకి మంచి ఎండలో రోజుకి 12 యూనిట్ల దాకా వస్తాయి. ఏప్రిల్, మే నెలల ఎండంతా వృథాగా పోయింది. ఏసీ ఎక్కువ వేసి బిల్లు ఎక్కువ రేటు శ్లాబులోకి దాటిపోయేది ఆ నెలల్లోనే.

మా ఆవిడ వారం వారం డాబా ఎక్కి ప్యానెళ్లు తుడుస్తుంది. పనిచేయనివి ఎందుకు తుడవడం అంటే, సముద్రపు గాలికి ఉప్పు పేరుకుంటే పాడైపోవా, పాతికేళ్లు రావాలి కదా అంటుంది. హుద్‌హుద్ చూసినవాళ్లం కాబట్టి గాలికి తట్టుకోవాలని ఫ్రేముకి అదనంగా ఖర్చు పెట్టి గట్టిగా వేయించాం. మా వైపు నుంచి చేయాల్సిందంతా చేశాం. మా వీధిలో ఇంకో రెండు ఇళ్లవాళ్లు పెట్టిద్దామనుకుని మా గతి చూసి మానుకున్నారు. ఇది నాకు ఇంకా బాధ.

ముడసర్లోవలో 2018లోనే నీటి మీద 2 మెగావాట్ల ప్యానెళ్లు తేల్చిన ఊరు మాది. 2021లో సింహాద్రి థర్మల్ కేంద్రం రిజర్వాయర్ మీద 25 మెగావాట్లు వచ్చాయి. 2025 జనవరిలో, సౌర, పవన విద్యుత్‌తో నీటి నుంచి హైడ్రోజన్ తీసే పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. డేటా సెంటర్లు వస్తున్నాయి, వాటికి గిగావాట్లలో కరెంటు కావాలి. ఇవన్నీ రావాలనే కోరుకుంటున్నాను. పరవాడలోని ఆ సింహాద్రి థర్మల్ కేంద్రం 2,000 మెగావాట్ల కోసం ఒడిశా బొగ్గు మీద ఎన్నాళ్లు బతుకుతాం? కానీ డాబా మీది కరెంటుకి భూసేకరణ అక్కర్లేదు, టవర్లు అక్కర్లేదు, మధ్యాహ్నం మా ఇంట్లో మిగిలింది పక్కింటి ఫ్యాన్ తిప్పుతుంది. సాయంత్రం వాడకానికి బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ (పగలు నీటిని పైకి ఎక్కించి, సాయంత్రం కిందకి వదిలి కరెంటు తీయడం) కావాలి, నిజమే, అవి ప్రభుత్వం చేయాల్సిన పనులు. పగటి కరెంటు మా అప్పుతో మేం తయారుచేసి ఇస్తామంటే తీసుకోవడానికి మీటర్ లేదనడం ఏం న్యాయం?

2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన నిబంధనల్లో 10 కిలోవాట్ల దాకా ఫీజిబిలిటీ పరీక్షే (లైన్లు తట్టుకుంటాయా అని ముందుగా చూడడం) అక్కర్లేదన్నారు, కమిషనింగ్ గడువు 30 రోజుల నుంచి 15కి తగ్గించారు. అయ్యా, ఆ గడువు మా సెక్షన్‌లో అమలు చేయించండి. ఎవరి సీరియల్ ఎంతో ఆఫీసు గోడకి అంటించమనండి. మీటర్ పెట్టకుండా ఫిర్యాదులు మూసేయొద్దని చెప్పండి. వాళ్ల ఆలస్యానికి మేం కట్టిన వడ్డీ ఎవరిస్తారో చెప్పండి. దయచేసి వచ్చే నెల రీడింగ్ తీసేలోపు మా మీటర్ పెట్టించండి.

ఇట్లు,
ఒక గృహ వినియోగదారు,
గోపాలపట్నం, విశాఖపట్నం.